నీళ్లు వేడెక్కిన రోజు

“పోయిందండీ, పోయింది. రాత్రికి రాత్రే” అని ఆమె భర్త ఫోన్‌లో ఎవరికో చెబుతూ హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. గుమ్మంలో నిలబడ్డ పక్కింటావిడ ఆ మాట విని, ఆస్పత్రిలో ఉన్న ఆమె తల్లి సంగతేమోననుకుని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “ఎప్పుడమ్మా?” అని అడిగింది. వెనకగదిలోంచి వచ్చిన ఆమె చేతులు మోచేతుల దాకా జిగురుగా ఉన్నాయి. “మా అమ్మ కాదండీ, తోట” అంది. “హమ్మయ్య” అంది పక్కింటావిడ. ఆవిడ ఇంకా మెట్లు దిగుతుండగానే అన్నయ్య ఫోన్ చేశాడు. ఈసారి పోయింది అమ్మే.

ఆ వెనకగది ఒకప్పుడు ఆమె బడిపిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకునే గది. ఖాళీగా ఎందుకుండాలి అని ఆయన దాన్ని తోట చేశాడు. మట్టి లేని తోట. గోడకు అంచెలంచెలుగా తెల్లటి పైపులు, వాటి రంధ్రాల్లో సలాడ్ ఆకుల మొక్కలు, కింద పెద్ద తొట్టి, తొట్టిలోని పోషకాల నీళ్లను పైకి తోడే చిన్న మోటారు. కాగితాలు భోజనాల బల్ల మీదికి వచ్చాయి, అన్నాల వేళకు అక్కణ్నుంచి మంచం మీదికి పోయాయి. ఊళ్లో ఆయన్ని ‘తోటాయన’ అనడం మొదలుపెట్టారు. ఆయన నలుగురినీ కూర్చోబెట్టి మట్టి లేకుండా మొక్క ఎలా బతుకుతుందో చెప్పేవాడు. బతికించే పని ఆమెది. బడికి వెళ్లేముందు నీళ్లలో పులుపు ఎక్కువైందా తగ్గిందా అని చుక్క వేసి రంగు చూడటం, గాలిలో తేమ పెరిగితే కిటికీ పైరెక్క తీయడం, ఫ్యాను గాలి ప్రతి ఆకునూ కదిలిస్తోందా లేదా అని కనిపెట్టడం. గాలి ఆడకపోతే లేత ఆకుల అంచులు మాడతాయి. పగటి వేడికి దీపాల వేడి తోడవకుండా దీపాలను సాయంత్రం నుంచి తెల్లవారేదాకా వెలిగేట్టు మార్చింది కూడా ఆమే. ఎండ ముదిరాక, బడి నుంచి భోజనానికి వచ్చినప్పుడల్లా, గడ్డకట్టిన నీళ్ల సీసాలను ఫ్రిజ్‌లోంచి తీసి తొట్టిలో ముంచేది. వేళ్లకు చల్లదనం ఉంటేనే ఊపిరి ఆడుతుంది. “ఆ ఆకులకు మంచుగడ్డలు, నాకు మాత్రం విసనకర్ర. వచ్చే జన్మంటూ ఉంటే మీ గదిలోనే మొలుస్తానే అమ్మాయ్” అనేది అత్తగారు. ఆ ఇంట్లో ఆ సీసాలను గమనించింది ఆవిడొక్కతే.

అమ్మను ఆస్పత్రిలో చేర్చారని తెలిసినప్పుడు, చూసి వచ్చెయ్యమన్నాడాయన. ఆమె సంచి సర్దుకుని, గుమ్మంలో చెప్పులేసుకుంటూ, మొక్కల్ని చూసుకోండి అంది. సరేనన్నాడు. ఆ మధ్యాహ్నం ఎవరో హోటలాయన వస్తే తోట చూపించడానికి దీపాలన్నీ వేశాడు. మాటలు వినపడటం లేదని ఫ్యాను ఆపేశాడు. వాళ్లు మాట్లాడుకుంటూ బయటికి వచ్చారు, తలుపు మూసుకుంది. సీసాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. రాత్రి పడుకోబోయేముందు తలుపు తీసి చూశాడట, పచ్చగా ఉన్నాయట. తెల్లారేసరికి ఆకులు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. వెంటనే బయల్దేరి రా అని ఫోన్. అమ్మకు కాస్త నయంగానే ఉంది, వెళ్లిరా, నేనున్నానుగా అన్నాడు అన్నయ్య. ఆమె వచ్చి తొట్టి మూత తీసింది. నీళ్లు స్నానానికి కాచినట్టున్నాయి. నిన్నటిదాకా తెల్ల దారాల్లా ఉన్న వేళ్లు చేతికి చీమిడిలా సాగాయి.

“చూసుకోమన్నాను కదండీ” అంది.

“చూశానే. రెండుసార్లు చూశాను. బాగానే ఉన్నాయి.”

అబద్ధం కాదు. ఆయన నిజంగానే చూశాడు. ఈ తేడా ఆమె ఏటా బళ్లో చెప్పే పాఠమే. వండితే ఎవరికోసమైనా కావచ్చు, వండుకుంటే తనకోసం. రాసివ్వడం వేరు, రాసుకోవడం వేరు. చివర ఆ ‘కొను’ చేరిందంటే పని ఫలం చేసినవాళ్లకే చెందుతుందని నల్లబల్ల మీద గీత గీసి మరీ చెప్పేది. ఒక్క చూసుకోవడం దగ్గరే ఆ సూత్రం తిరగబడుతుందని ఇన్నేళ్లూ ఆమెకు తట్టలేదు. అత్తగారిని చూసుకో, ఇల్లు చూసుకో, తోట చూసుకో. ఫలం ఎక్కడికి పోతుందో ఏ వ్యాకరణమూ చెప్పదు. అమ్మ విషయంలో మాత్రం ఆ చిన్న ముక్క ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. చూసి వచ్చెయ్ అన్నారు, చూసి వచ్చేసింది. అమ్మను చూసింది. ఆకుల్ని చూసుకుంది.

అంత్యక్రియలయ్యాక చుట్టాలు ఇంటికి వచ్చారు. ఆమెతో, పెద్దావిడే కదమ్మా, మంచం పట్టకుండా వెళ్లింది, అదృష్టవంతురాలు అన్నారు. ఆయన దగ్గర ఇంకాసేపు కూర్చున్నారు. పాపం, మొక్కల్ని బిడ్డల్లా పెంచావు, దిష్టి తగిలినట్టుంది అన్నారు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు కూడా అబద్ధం కావు. అందరికీ టీలు ఆమే ఇచ్చింది. వెళ్తూ వెళ్తూ ఒక పిన్ని ఆమె చెవిలో, ఇంకోసారి వాటిని వదిలి వెళ్లకు తల్లీ, మగవాళ్లకేం తెలుస్తుంది అని మంచిమాటలాగే చెప్పింది.

కొద్దిరోజులకు ఆయన కొత్త విత్తనాలు తెప్పించాడు. బడికి సెలవు పెట్టావు కదా, తొట్టి కడిగి మొదలుపెట్టు, పనిలో పడితే మనసు కుదుటపడుతుంది అన్నాడు. అది నిజమేనేమో కూడా. ఆమె వెనకగది తలుపు తీసింది. కుళ్లిన వేళ్ల వాసన ముఖానికి కొట్టింది. తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

“నేను కడగనండీ.”

“ఇవాళ వద్దులే. నీరసంగా ఉన్నావు. రేపు చేద్దువుగాని.”

“రేపూ కడగను.”

ఆయన తల్లివైపు చూశాడు. అత్తగారు లేచి వెళ్లి తలుపు కింద సందులో పాతగుడ్డ కుక్కింది. ఆ వారమంతా ఆ గుడ్డ అక్కడే ఉంది. ఆయన రోజూ దాన్ని దాటుకుంటూ వెళ్తూ, ఆ పని అలాగే మిగిలిపోయింది అని గోడతో అన్నట్టు అనేవాడు. అవునండీ, మిగిలిపోయింది అనేది ఆమె. ఆమె అనేది వేరే పని గురించి. ఆస్పత్రిలో ఆ పొద్దున ఫోన్ వచ్చి లేవబోతుంటే, జడ చిక్కులు పడింది, కాస్త దువ్వి వెళ్లవే అంది అమ్మ. వచ్చాక దువ్వుతానమ్మా అంది.

దువ్వలేదు.