చేతులతో కట్టిన పెళ్లి

పందిరి గుడ్డకు అంచు కుట్టడం అయింది, కోళ్ల బేరమూ అయింది, ఉజ్జియా పెద్దాయన మాత్రం ససేమిరా అంటున్నాడు. ఎంబాలే ఊరి పైనున్న ఆ కొండ మీద యూదుల పెళ్లిళ్లన్నీ ఏళ్ల తరబడి ఆయన గొంతుతోనే జరిగాయి. ఇప్పుడు సొంత మనవరాలు తిర్సా చేసుకుంటానన్నది దర్జీ హోషేయని. అతనికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు.

"ఉంగరం తొడుగుతూ, దీనితో నువ్వు నాదానివయ్యావని వరుడు చెప్పాలమ్మా. వీడేం చెప్తాడు? రేపెవడైనా అది పెళ్లే కాదంటే నీ గతేంటి?"

"చేతులతో చెప్తాడు తాతా. సాక్షులకి అర్థమైతే చాలని నువ్వే కదా నేర్పావు. చెవులు గింగురుమనాలని ఎక్కడుంది?"

"ఆ చేతుల భాష తెలిసిన సాక్షులేరీ? పైగా చుట్టాలు పనికిరారు. ఈ కొండ మీద రాయి విసిరితే మన మేనల్లుడికే తగులుతుంది."

వెతగ్గా వెతగ్గా ఒక లారీ డ్రైవరు దొరికాడు. అతని తమ్ముడికీ వినపడదు, అందుకని ఆ భాష వచ్చు. రెండో సాక్షిగా ఇక మిగిలింది హోషేయతో పాటు కుట్టే యెరూషా ఒక్కతే. ఆ కొండ మీద ఆడమనిషి సాక్షిగా నిలబడ్డది ఎన్నడూ లేదు. ఆమెనే అడిగి తేల్చుకుందామని పెద్దాయన మూతి ముడుచుకుని సంతకు దిగాడు.

సంతంతా పిండిమర హోరు. ఆయన గొంతు చించుకుని పిలిచినా ఒక్కరూ తలతిప్పలేదు. ఆ హోరులోనే బాటకు ఇటు హోషేయ, అటు యెరూషా చేతులతో హాయిగా పోట్లాడుకుంటున్నారు. చివరికి ఆమే ఆయన్ని చూసి దగ్గరికొచ్చింది.

"ఏమంటున్నాడు?"

"పెళ్లి గౌనుకి చేతులు పొడుగు పెట్టానట. వేళ్ల మీద పడితే తిర్సా ఎలా మాట్లాడుతుందని తిడుతున్నాడు. పొట్టివైతే మీరు ఒప్పుకోరని నేనన్నాను."

"దానికేమన్నాడు?"

యెరూషా కాస్త తటపటాయించింది. "తాత కాళ్లు పట్టుకునైనా ఒప్పిస్తాను, పెళ్లిలో తిర్సా మాట ఆగకూడదన్నాడు."

పెద్దాయన హోషేయ వైపు తిరిగి చూశాడు. ఇంతటి మనసున్నవాణ్ణా తాను మూగవాడని తోసేసింది అనుకున్నాడు. "ఆదివారం సాక్షిగా నిలబడమ్మా" అన్నాడు.

ఆదివారం పందిరి కింద హోషేయ ఉంగరం తొడిగి, తిర్సా కళ్లలోకి చూస్తూ చేతులతో ఆ మాట చెప్పాడు. జనంలోంచి ఎవరో "మాకేం వినపడలేదే" అని గొణిగారు.

"నువ్వు సాక్షివి కాదులే, కూర్చో" అన్నాడు పెద్దాయన. సాక్షుల వైపు తిరిగాడు. "చెప్పాడా?"

"చెప్పాడు. స్పష్టంగా చూశాను" అంది యెరూషా. లారీ డ్రైవరూ తలూపాడు.

దీవెనలు మొదలయ్యాయి. ప్రతి దీవెన తర్వాతా పెద్దాయన ఆగి, యెరూషా చేతులు దాన్ని అందించేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. చివరి దీవెనకు ఆమేన్ మాత్రం ఆయన నోటితో అనలేదు. యెరూషాను చూసి చూసి నేర్చుకున్న ఆమేన్ గుర్తును, తన చేతులతో హోషేయకు ఎదురుగా పట్టాడు.

అది తప్పుగా వచ్చింది. హోషేయ కళ్లు తుడుచుకుని, పెద్దాయన వేళ్లను తన చేతుల్లోకి తీసుకుని సరిచేశాడు.