కొలవని నడుము

దినేష్ నడుం నేను కొలవలేదు. నన్ను మంచిదాన్నని మీరు అనుకోకముందే చెప్పేస్తున్నాను.

మా ఆఫీసులో ఏడాదికోసారి హెల్త్ క్యాంపు పెడతారు. ఈసారి వచ్చిన నర్సు ఒక్కతే, క్యూలో మూడొందల మంది. దాంతో టీముల్లోంచే కొందరిని పిలిచి చేతికి టేపులిచ్చారు. చొక్కా పైకెత్తించి, బొడ్డు దగ్గర చుట్టి, సెంటీమీటర్లు రాయాలి. మగవాళ్ళకు తొంభై దాటితే రక్తపరీక్షకు, గుండె డాక్టరు దగ్గరికి పంపుతారు. చిన్న వయసులో కూడా పొట్టలోపలి కొవ్వు గుండెకు చేటని ఆ నర్సు పొద్దున్నే గట్టిగా చెప్పింది. నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

దినేష్ వంతు వచ్చింది. నా పక్క సీటే. ఇరవై తొమ్మిదేళ్ళు, పుల్లల్లాంటి చేతులు, ఎప్పుడూ వదులు చొక్కా. మావాళ్ళంతా ఏడిపించడానికి ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు.

"శ్రావణీ, ఇంతమందిలో చొక్కా ఎత్తమంటావా? జర వదిలెయ్," అన్నాడు.

నాకూ సిగ్గేసింది. "గాలొస్తే ఎగిరిపోయేవాడివి, నీకేం కొలతలే. ప్యాంటు సైజెంత?"

"ముప్పై రెండు."

ఫోనులో అంగుళాల్ని సెంటీమీటర్లలోకి మార్చి ఎనభై ఒకటి అని రాశాను. మగవాళ్ళు ప్యాంటు పొట్ట కింద బిగిస్తారని, పొట్ట దానిమీద హాయిగా కూర్చుంటుందని నాకు తెలియదా? మా నాన్నను రోజూ చూస్తూనే ఉన్నాను. అయినా రాశాను. బరువు కూడా సరిగ్గానే ఉందని నర్సు 'నార్మల్' అని ముద్ర కొట్టింది. ఆ కాగితం ఫొటో తీసి వాళ్ళమ్మకు పంపించి, దినేష్ నవ్వుకుంటూ బిర్యానీ తినడానికి పోయాడు.

నాలుగు నెలలకు లింగంపల్లి స్టేషన్ మెట్లెక్కుతూ గుండెపోటుతో కూలబడ్డాడు. రెండు రోజులు ఐసీయూలో ఉంచారు. అక్కడ కొలిస్తే నడుం తొంభై ఎనిమిది. చేతులూ కాళ్ళూ సన్నగా ఉన్నా కొవ్వంతా పొట్టలోనే చేరిందన్నాడట డాక్టరు. మూడో రోజు పొద్దున పోయాడు.

దినాలయ్యాక నల్లగండ్లలో వాళ్ళ ఫ్లాటుకు వెళ్ళాను. తమ్ముడు హేమంత్ తలుపు తీశాడు. అచ్చం అన్నలాగే సన్నగా ఉన్నాడు. వాళ్ళమ్మ ఈశ్వరమ్మ గారు నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ప్రొద్దుటూరు మనిషి. ఒళ్ళో ఆ కాగితం ఉంది.

"నెయ్యి పోసి పోసి నేనే చంపుకున్నానని చుట్టాలంతా అంటాండారు పాపా. ఇదిగో, నువ్వు కొలిచినప్పుడు బాగుండె కదా? అట్లయితే నా చేతి వంట కాదు కదా?"

ఆ కళ్ళలోకి చూసి వేరే మాట ఎలా చెప్పను? నిజంగా ఆమె మీద జాలేసింది. నా సంగతి బయటపడుతుందని భయం కూడా వేసింది. "మీ వంట కాదమ్మా. అప్పుడు బాగానే ఉన్నాడు," అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని కొడుకు వైపు తిరిగారు.

"వింటివా హేమంతూ? ఆ డాక్టరు నిన్ను గూడా పరీక్షలకు రమ్మన్నాడే, ఏమొద్దులే. అంతా బాగున్నోడే పోయినాడు, ఇంక పరీక్షలతో ఏమైతాది?"

సరేనమ్మా అని హేమంత్, రేపటి అపాయింట్‌మెంట్ రద్దు చేయడానికి ఫోను తీశాడు.

"ఆగు హేమంత్," అన్నాను. "అమ్మా, ఆ కొలత అబద్ధం. నేను కొలవలేదు. ప్యాంటు సైజు అడిగి రాశాను."

ఈశ్వరమ్మ గారు ఒళ్ళోని కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టారు.

"కొలిచింటే బతికుండునా?" అని అడిగారు ఆమె.

"తెలీదమ్మా. డాక్టరు దగ్గరికైతే పంపేవాళ్ళు."

ఆమె నా చేయి వదిలేశారు. "హేమంతూ, రేపు పరీక్షలకు పో," అన్నారు. తర్వాత నా వైపు చూడకుండానే, "నువ్వు ఇంక మా గడప తొక్కొద్దు పాపా," అన్నారు.