అక్షింతల కెమెరా

నేను ఒక డిజిటల్ కెమెరాని. పెళ్లికూతురికన్నా అక్షింతలనే అందంగా తీస్తానని బాపట్ల చుట్టుపక్కల నాకు చెడ్డపేరుండేది.

ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడివాళ్లు నన్ను దుమ్ము సోకకుండా పెంచి, ముందు ఏది దగ్గరగా ఉంటే దానిమీద చూపు నిలపమని నేర్పారు. సరిగ్గా తాళి కట్టే క్షణంలో చుట్టాలంతా గుప్పిళ్లకొద్దీ బియ్యం విసురుతారని పాపం వాళ్లకెవరూ చెప్పలేదు. నా మొదటి యజమాని స్టూడియో వీరేశం మీట నొక్కగానే నేను ఫోకస్ కోసం వెతికేదాన్ని. దొరికేది గాల్లో ఎగిరే గింజ. ఆల్బమ్‌లో బియ్యపు గింజలు తళతళలాడేవి. వధూవరులు పొగమంచులో పెళ్లాడినట్టుండేవారు. "దీనికి కళ్లు పోయాయి" అని వీరేశం నన్ను తన దగ్గర పనిచేసే ఝాన్సీకి అంటగట్టాడు.

ఝాన్సీ మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. వీరేశం తేదీ మార్చడానికి తప్ప ఎన్నడూ తెరవని నా మెనూలన్నీ ఓపిగ్గా తిరగేసింది. ఫోటో తీసే మీటకు ఫోకస్ పని తప్పించి, వెనక బొటనవేలి కింద ఉండే చిన్న మీటకు అప్పగించింది. ఇక బొటనవేలితో ఫోకస్, చూపుడువేలితో ఫోటో. బొటనవేలు తీసేశాక బియ్యం కాదు, కొబ్బరికాయ ఎగిరినా నేను చూపు తిప్పను. ఈ ఏర్పాట్లన్నీ నా నెత్తిమీదున్న చక్రంలో చివరి అంకె కింద దాచింది; చక్రం అక్కడికి తిప్పితే చాలు, అన్నీ తిరిగొస్తాయి. చూడకుండానే వేలికి తగలాలని ఆ చిన్న మీటమీద రాళ్ల బొట్టుబిళ్ల అంటించింది. అలా నాకూ కాస్త సింగారం అబ్బింది.

అది ఫోటోలు తీయడానికి ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పెళ్లి. పెళ్లికూతురి తండ్రి ముందే హెచ్చరించాడు.

"అమ్మాయ్, తాళి ఫోటో పోయిందనుకో, మళ్లీ కట్టించలేం. ఆనక నిన్నీ చుట్టుపక్కల ఎవరూ పిలవరు."

ఝాన్సీ లైటు సర్దడానికి నన్ను కుర్చీలో పెట్టిందో లేదో, పెళ్లికూతురి బాబాయి సాంబశివరావు నన్ను ఎత్తుకున్నాడు.

"ఏందిది, నొక్కితే ఫోకస్సే పట్టట్లా! పిల్లకి చేతగాక పాడు చేసుకుంది. నే బాగుచేస్తా ఉండండి" అంటూ చక్రాన్ని, అన్నీ కెమెరాకే వదిలేసే పచ్చ గుర్తుకు తిప్పాడు. నన్ను మళ్లీ ఫ్యాక్టరీ బుద్ధిలోకి తోసి, చేతులు దులుపుకున్నాడు.

గట్టిమేళం మొదలైంది. ఝాన్సీ పరుగున వచ్చి నన్ను కంటికి ఆనించింది. బొటనవేలు బొట్టుబిళ్లను నొక్కింది. నేను ఉలకలేదు. అప్పటికే ఎవరో తొందరపడి విసిరిన గింజను ప్రేమగా చూస్తున్నాను.

ఆమెకు అర్థమైంది. కన్ను తీయకుండానే చక్రాన్ని చివరిదాకా తిప్పి, పెళ్లికూతురి వాలిన కళ్లకు నన్ను గురిపెట్టి బొటనవేలు నొక్కి వదిలింది. బియ్యం కురిసింది. చూపుడువేలు పని కానిచ్చింది.

ఆ తండ్రి నా వెనక తెరమీద కూతుర్ని చూసుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఫోటోలో పిల్ల ముఖం తేటగా ఉంది. ముందు అక్షింతలు పసుపు వానలా కరిగిపోయాయి.

"మరి నేనేడి?" అన్నాడు సాంబశివరావు.

"ఇదిగో బాబాయిగారూ, ఈ మసగ్గా ఉన్నది మీరే" అంది ఝాన్సీ నవ్వకుండా.

ఆ ఫోటో ఇప్పుడు పెళ్లికూతురి పుట్టింటి హాల్లో ఉంది. వచ్చినవాళ్లకల్లా సాంబశివరావు తన మసకను వేలితో చూపించి, "ఆ పూట కెమెరా బాగుచేసింది నేనే, పిల్ల కూడా పనిమంతురాలు" అంటాడట. ఆ మాట విని ఝాన్సీని ఇంకో రెండు పెళ్లిళ్లకు పిలిచారు. అందుకే మేమిద్దరం ఆయన్ని కాదనం.