విషాన్ని మంచినీళ్లని రాయం

మా ల్యాబులో అందరి ముందే ఆతియా చేతిలోని సీసా లాక్కున్నాడు మేనేజర్ చంద్రకాంత్. కాజీపల్లి ఊరోళ్లు పరీక్షకిచ్చిన వాగు నీళ్లవి. సగం సింకులో పారబోసి, మిగతా సగంలో శుద్ధి చేసిన నీళ్లు కలిపాడు.

"ఇప్పుడు చెయ్యి టెస్టు."

"పొద్దున చేసిన సార్. విషం హద్దు దాటింది."

"మిషన్ ఖరాబైంది."

"కాలేదు. విషం ఎంతుందో ముందే తెలిసిన నీళ్లు పెట్టి చూసిన. సరిగ్గనే చూపెట్టింది."

"నీకు జీతమిచ్చేది ఆ వాగు పైనున్న కంపెనీలు. వాగు కాదు!"

గేటు బయట కాజీపల్లి రాజవ్వ రిపోర్టు కోసం ఎదురుచూస్తోంది. ఆ వాగు నీళ్లు తాగే ఆమె బర్రెలు చచ్చాయి.

మధ్యాహ్నం క్యాంటీన్లో, పని ఆపాలా వద్దా అని గొడవ లేచింది.

"నౌకరి పోతే కిరాయి ఎట్ల కడ్తం?" అన్నాడు అనిల్. "మనం ఆపితే వాగు బాగైతదా?"

నమూనాలు పట్టుకొచ్చే తారిఖ్ బల్ల గుద్దాడు. "మా ఇల్లు ఆ వాగు పక్కనే. మా అమ్మీ ఆడి బోరు నీళ్లే తాగుతది. ఆమెకేం చెప్పాలె? కిరాయి కట్టిన అని చెప్పాల్నా?"



"ఒక్కదాన్నే అయితే నన్ను తీసేస్తడు," అంది ఆతియా. "అందరం ఆ దొంగ రిపోర్టు మీద సంతకం పెట్టం అంటే ఎందర్ని తీసేస్తడు?"

చేతులు లేచాయి. అనిల్‌ది లేవలేదు.

మిషన్లు ఆపి బయటికొచ్చాం. తారిఖ్ ఫోన్ చేస్తే కాజీపల్లి ఊరంతా ఆటోలు కట్టుకుని దిగింది. ఆతియా గేటెక్కి అరిచింది.

"అవ్వా! మీ వాగుల విషముంది. మేం కొలిచినం. లేదని రాయమంటున్నరు. రాయం!"

రాజవ్వ ఒక్క ఉదుటున లేచింది. "నాకు బర్రెల్ని మేపుడు రాదు, నేనే సంపుకున్ననంటివి గదరా మేనేజరు! రా బయటికి!"

జనం గేటు మీద పడ్డారు. పోలీసులు దిగారు. లాఠీ దెబ్బకు తారిఖ్ తల పగిలింది. కంపెనీ రహస్యం బయటపెట్టిందని ఆతియాను వ్యానెక్కించారు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ అనిల్ ముందుకొచ్చాడు. 

"సార్, ఆ టెస్టు నేను గూడ చేసిన. గదే విషమొచ్చింది. నన్ను గూడ ఎక్కించుకోండ్రి."

ఎక్కించుకున్నారు.

మర్నాడు మా గేటు ముందు మాకు తెలియని మొహాలు కనిపించాయి. పక్క ల్యాబులో పనిచేసేవాళ్లు.

"మా తాన గూడ గిట్లనే మంచినీళ్లు కలుపుతున్నరు," అంది వాళ్లలో ఒకామె. "పొద్దుగాల మేం గూడ మిషన్లు బంద్ చేసినం. మీవోళ్లను ఏ స్టేషన్ల పెట్టిన్రు? నడువుండ్రి, అందరం పోదాం."