చల్లబడిన చేతులు

మిరప కోతలు మొదలై యాభై రోజులు. ఆ యాభై రోజుల్లో కోటేశ్వరి తన ఐదేళ్ళ కూతురు అన్వితకు ఒక్క ముద్ద కూడా చేత్తో తినిపించలేదు. కాయ కోసిన చెయ్యి ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఒకసారి మరిచిపోయి పిల్ల మూతి తుడిస్తే, అది గంటసేపు గుక్కపట్టి ఏడ్చింది. అప్పట్నుంచి పిల్లకి చెంచానే గతి.

అందుకే శనివారం సాయంత్రం చేలోనే నిలబడి కోత ముఠా అందరి ముందూ చెప్పేసింది, రేపు నేను రానని. జ్వరమనీ, ఎవరో పోయారనీ కుంటిసాకు చెప్పలేదు. ఇంట్లో కూచుంటాను, అంతే. ఆదివారం సెలవు ఆఫీసు కుర్చీలకుంది, బ్యాంకు తలుపులకుంది. కూలి మనిషి చేతులకు లేకపోవడమేమిటి?

రాత్రి రెండుసార్లు ఆముదం పట్టించింది. తెల్లారి పుల్లమజ్జిగలో చేతులు నానబెట్టింది. పది గంటలకు వేలికొన కంటి చివర ఆనించి చూసుకుంది. మండలేదు.

"చల్లబడ్డాయి!" అని ఇల్లు ఎగిరిపోయేలా కేకేసింది.

లోపల మొగుడు యలమంద పప్పు మెదుపుతున్నాడు. చేలో ఆమె పక్క సాలు కోసే నసీమున్నీసా కూడా పని మానేసి వచ్చి, అరుగు మీద కాళ్ళు బారచాపింది.

అంతలో చేను ఆసామి శివరామకృష్ణ మోటార్‌ సైకిలు మీద గోతం వేసుకుని దిగాడు.

"ఏమ్మా కోటేశ్వరీ, ఒంట్లో బాలేదా?"

"బ్రహ్మాండంగా ఉందండి."

"మరి?"

"మరేం లేదండి. సెలవు."

ఆయన నవ్వాడు. "సరే, రావద్దులే. ఈ కాయకి తొడిమలు తీసి పెట్టండి చాలు. నీడపట్టున కూచుని కబుర్లు చెప్పుకుంటా తీసేదేగా. ఇదేం పనా!"

గోతం మూతి విప్పి అరుగు మీద పెట్టి, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు.

"అట్టానే ఉండనీలే," అన్నాడు యలమంద గుమ్మంలోంచి. "పెద్దాయనతో మనకెందుకు గొడవ?"

ఉండనిచ్చారు. అదే తప్పు.

నసీమున్నీసా చీరాలలో కొన్న చీర సంగతి ఎత్తుకుంది. ఒక్క ఉతుకుకే రంగంతా దిగిపోతే, ఆ కొట్టువాడిని ఎలా దులిపేసిందో వాడి గొంతుతో సహా చేసి చూపిస్తోంది. కోటేశ్వరి పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వుల మధ్య పుటుక్, పుటుక్ మని ఏదో చప్పుడు. చూస్తే నసీమున్నీసా ఒళ్ళో గుప్పెడు తొడిమలు. చెయ్యి గోతంలో ఉంది.

"ఒసే నసీమా, ఏం చేస్తున్నావే!"

ఆమె తన చేతినే పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. "యా అల్లా! నేనెప్పుడు మొదలెట్టాను వదినా?"

కోటేశ్వరి కిందికి చూసింది. తన కుడిచెయ్యి కూడా గోతం అంచు మీదకి పాకి ఉంది. కాయకి నాలుగు వేళ్ళ దూరం. చప్పున వెనక్కి లాక్కుంది. ఒళ్ళు మండిపోయింది. పిలవకుండానే పనికి పోయేలా తయారు చేశారన్నమాట ఈ చేతుల్ని!

"ఏమయ్యా, ఈ గోతం కట్టి ఆయన అరుగు మీద పడేసి రా."

"ఏమని చెప్పను?"

"వాళ్ళింట్లో కూడా నీడ ఉందిగా? కబుర్లు చెప్పుకుంటా తీసుకోమను. ఇదేం పనా!"

"రేపట్నుంచి పిలవకపోతే?"

"చెట్టు మీదే తెల్లబడి తాలైపోద్ది కాయ. కోసేవాళ్ళు దొరక్క ఎంత తిరుగుతున్నాడో నువ్వు చూట్టంలా? కట్టు."

యలమంద గొణుక్కుంటూనే గోతం సైకిలెక్కించాడు.

కోటేశ్వరి పళ్ళెంలో పప్పన్నం, నెయ్యి వేసి కలిపింది. మొదటి ముద్దకి అన్విత పెదాలు బిగించింది.

"మండుద్దా అమ్మా?"

"మండదే. తిను."

తిన్నది. ఇంకోటి అంది. మూడో ముద్ద నసీమున్నీసా మూతి దగ్గర పెట్టింది కోటేశ్వరి. "ఆ చేత్తో ఏం తింటావు? తెరువు నోరు."

వాకిట్లో బండి ఆగింది. శివరామకృష్ణ మొహం కందగడ్డలా ఉంది. "ఏందిది కోటేశ్వరీ? లేచి ఇట్టా రా."

"అన్నం తింటన్నామండి."

అన్నం ముందునుంచి మనిషిని లేపడానికి ఆయనకీ నోరు రాలేదు.

"రేపన్నా వస్తావా?"

"రేపొస్తాం. వచ్చే ఆదివారం రాం. మా ముఠాలో ఒక్కరూ రారు. ముందే చెబుతున్నా."

వెనకే ఖాళీ సైకిలు తోసుకుంటూ యలమంద వచ్చాడు. ఆసామినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆయన్ని దాటుకుని వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు.

"గోతం పట్టుకున్న చేతులు," అన్నాడు. "నాక్కూడా పెట్టవే."