సీడీ డ్రైవ్‌కి ముగ్గురు వైద్యులు

మా ఆయన శ్యామ్‌సుందర్‌కి సాఫ్ట్‌వేర్‌లో పదేళ్ల ఎక్స్‌పీరియన్స్. కాబట్టి ఇంట్లో కంప్యూటర్ పాడైతే బాగుచేయడం ఆయన వల్ల కాదు.

2007 మార్చిలో ఒక సోమవారం, అమెరికాలో క్యారీ అనే ఊళ్లో ఉన్న మా అపార్ట్‌మెంట్‌లో డెస్క్‌టాప్‌కి సీడీ డ్రైవ్ కనిపించడం మానేసింది. డ్రైవ్ ఎదురుగానే ఉంది. కంప్యూటర్ మాత్రం అలాంటిదేదీ నాకు తెలియదంటుంది.

నేను ఇండియాలో బి.ఫార్మసీ చదివాను. ఇక్కడ మందుల షాపులో ఉద్యోగం కావాలంటే మళ్లీ పరీక్ష రాయాలి. ప్రాక్టీస్ ప్రశ్నలన్నీ ఒక సీడీలో ఉన్నాయి, ఆ సీడీ పెడితే తప్ప ప్రోగ్రామ్ తెరుచుకోదు. పరీక్షకి పదిహేను రోజులే ఉంది. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. నాలుగేళ్లుగా, భార్యలకిచ్చే హెచ్-4 వీసా మీద పప్పుకి తాలింపు వేస్తూ కూర్చున్నాను. ఇంకో ఏడాది అనుకుంటేనే ఏడుపొచ్చింది.

"నువ్వే ఏదో నొక్కుంటావ్ మల్లీ," అన్నారు మా ఆయన. పోనీ ఆఫీస్ లాప్‌టాప్ ఇవ్వమంటే కంపెనీ పాలసీ ఒప్పుకోదట. శనివారం పొద్దున్నే ఇద్దరు స్నేహితుల్ని పిలిచారు. ఒకరు డేటాబేస్‌లు చూసే కోటేశ్వరరావు అన్నయ్య, ఇంకొకరు టెస్టింగ్ చేసే రాజ్. ఇద్దరూ టిఫిన్ తినకుండా వచ్చారు. నేను పుస్తకం మూసి ఉప్మా చేశాను.

"డ్రైవర్ పోయింది చెల్లెమ్మా," అన్నాడు అన్నయ్య, చావు కబురు చెప్పినట్టు. డ్రైవర్ అంటే సీడీ డ్రైవ్‌ని నడిపే ప్రోగ్రామట. దాన్ని తీసి మళ్లీ వేశారు. రీస్టార్ట్. రాలేదు. విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో రెండు లైన్లు చెరిపారు. రీస్టార్ట్. రాలేదు. రీస్టార్ట్‌కొక టీ చొప్పున పెట్టాను.

"పోనీ పెట్టె విప్పి చూస్తే?" అన్నాను.

ముగ్గురూ నా వైపు, నేనేదో మడిబట్ట ముట్టుకున్నట్టు చూశారు.

"అది హార్డ్‌వేర్ కదా వదినా," అన్నాడు రాజ్. "మేం సాఫ్ట్‌వేర్."

అబ్బో! ఎంత ఆచారం!

పన్నెండున్నరకి రాజ్ తీర్పు చెప్పాడు. "ఇగ ఏం లేదన్నా, ఫార్మాట్ కొట్టి అంతా మళ్లీ ఎక్కించేద్దాం. విండోస్ సీడీ ఉందా?"

మా ఆయన హుషారుగా వెళ్లి సీడీ తెచ్చారు. తెచ్చి, దాన్ని పట్టుకుని నిలబడ్డారు.

"ఎందులో పెడతారండీ?" అని అడిగాను.

ముగ్గురికీ కలిపి ఇరవై రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్. ముగ్గురూ ఆ సీడీనే తిప్పి తిప్పి చూశారు.

నేనే స్క్రూడ్రైవర్ తెచ్చి, ప్లగ్ పీకి, పెట్టె పక్క రేకు విప్పాను. సీడీ డ్రైవ్ వెనక కేబుల్ లేదు. అది కింద, తళతళలాడే కొత్త హార్డ్ డిస్క్‌కి తగిలించి ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. స్క్రూడ్రైవర్ పట్టేసింది.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "పోయిన ఆదివారం... సినిమాలకి ప్లేస్ చాలట్లేదని కొత్త డిస్క్ పెట్టా. ఇంకో కేబుల్ దొరకలేదు. సీడీ డ్రైవ్ ఎవరూ వాడట్లేదు కదా అని దానిది తీశా. అస్సలు గుర్తు రాలేదు మల్లీ."

మూడు నెలలుగా, ఆయన ఆఫీస్‌కి వెళ్లింది మొదలు తిరిగొచ్చేదాకా, రోజూ ఆ డ్రైవ్ వాడుతున్నది నేను. ఆ 'ఎవరూ' నేనే. ఒళ్లు మండిపోయింది. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి, అవి మాత్రం వాళ్లకి కనబడనివ్వలేదు.

హార్డ్ డిస్క్‌కున్న కేబుల్ పీకి సీడీ డ్రైవ్‌కి తగిలించాను. కంప్యూటర్ ఆన్ చేసి నా సీడీ పెడితే గిర్రున తిరిగింది. కిందటి వారం నేను ఆపిన ప్రశ్న తెరుచుకుంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

కాసేపటికి వెనకనుంచి మా ఆయన గొంతు వినిపించింది. "మల్లీ, ఒంటిగంట దాటింది. వీళ్లు కూడా ఉన్నారు. మరి వంట ఎవరు..."

"ఎవరూ చేయట్లేదండీ," అన్నాను.