తడి తువ్వాలు బరువు

బాత్రూములో తువ్వాళ్ళు ఆరబెట్టే కరెంటు స్టాండు పెట్టించమని తువ్వాళ్ళమ్మ అడిగినప్పుడు కొడుకూ కోడలూ మొహమొహాలు చూసుకున్నారు. ఆమె నోరు తెరిచి తనకంటూ ఏదైనా కావాలని అడిగి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తు లేదు. కొడుకు వెంటనే సరేనన్నాడు. కోడలు కూడా తలూపింది కానీ, ఊపుతూనే అత్తగారి వంక అనుమానంగా చూసింది.

తువ్వాళ్ళ సంగతి మాట్లాడే హక్కు ఆ ఇంట్లో ఎవరికైనా ఉందంటే అది ఆమెకే. ముప్ఫై ఏళ్ళు ఒక పెద్దాసుపత్రిలో దుప్పట్లూ దిండు గలీబులూ తువ్వాళ్ళూ ఉతికించి, మడత పెట్టించి వార్డులకు పంపే గది ఆమె చేతి కింద నడిచింది. తువ్వాళ్ళమ్మ అన్నది అక్కడి నర్సులు పెట్టిన పేరే. ఉద్యోగం అయిపోయినా పేరు మాత్రం ఆమె వెంటే ఇంటికి వచ్చేసింది. తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది ఎంతసేపు తడిగా పడి ఉందో చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఇంట్లో తువ్వాళ్ళు ముక్కిపోతున్నాయని, ఇలాగే ఉంటే అందరికీ దురదలు పట్టుకుంటాయని చెబితే కాదనేదెవరు?

నిజానికి ఆమెకు కావలసింది తువ్వాళ్ళ స్టాండు కాదు, తలుపు గడియ.

పోయిన వానాకాలంలో ఆమె బాత్రూములో కాలు జారి పడింది. ఎముకలేవీ విరగలేదు. కానీ లోపల గడియ వేసి ఉండడంతో కొడుకు భుజంతో తలుపును గుద్ది తెరవాల్సి వచ్చింది. తువ్వాలు చుట్టుకుని నేల మీద కూర్చున్న తల్లీ, తలుపుతో సహా లోపలికి వచ్చి పడ్డ కొడుకూ, ఇద్దరిలో ఎవరు ఎక్కువ సిగ్గుపడ్డారో చెప్పడం కష్టం. ఆ సాయంత్రమే కోడలు గడియ ఊడదీయించింది. అప్పటి నుంచి అత్తగారు స్నానానికి వెళితే ఆమె తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. రెండు నిమిషాలకోసారి "అత్తయ్యా" అంటుంది. లోపలి నుంచి "ఉన్నానమ్మా" అని రావాలి. మొహం నిండా సబ్బు ఉన్నా రావాలి. ఒకసారి పంతానికి పలక్కుండా ఊరుకుంటే కోడలు తలుపు తోసుకుని లోపలికే వచ్చేసింది.

భర్త పోయి కొడుకు దగ్గరికి వచ్చాక, ఆ ఇంట్లో ఆమెకు తనదిగా అనిపించిన చోటు ఆ బాత్రూమొక్కటే. అక్కడ నోటికొచ్చిన పాట పాడుకునేది. ఎవరినైనా నాలుగు తిట్టాలనిపిస్తే తృప్తిగా తిట్టుకునేది. ఇప్పుడు ఏ పాటా రెండో చరణానికి చేరడం లేదు. కోడల్ని తిట్టుకోవడానికైతే అసలు వీలే లేదు.

కోడలు మరీ మొండి మనిషేం కాదు. గోడకు పట్టుకుని లేచే కడ్డీ ఒకటి పెట్టించుకోండి, మర్నాడే గడియ బిగిస్తానని మొదట్లోనే మాట ఇచ్చింది. ఆ కడ్డీ పేరెత్తితే తువ్వాళ్ళమ్మ ఒంటికాలి మీద లేచేది. ఆసుపత్రిలో ప్రతి బాత్రూములోనూ అలాంటి కడ్డీలు ఉండేవి. వాటిని పట్టుకునేవాళ్ళకు తువ్వాలు అందించే మనిషి తను. తను వెళ్ళి వాళ్ళ వరసలో చేరడమేమిటి?

మోకాళ్ళకు ఈ పట్టింపులు తెలియవు కదా. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని స్నానం ముగించాక, గోడకు అరచెయ్యి ఆనించి లేవడం రోజూ ఒక గండంలా ఉంటోంది. అలాంటి రోజుల్లో ఒక కొట్లో ఆమె కంట టవల్ హీటరనే ఈ కరెంటు స్టాండు పడింది. తళతళలాడే గొట్టాలతో చిన్న నిచ్చెనలా ఉంది. దాన్ని చూసి ఎవరూ ముసలివాళ్ళ కడ్డీ అనరు. స్టూలు పక్కన బిగిస్తే హాయిగా పట్టుకుని లేవచ్చు. నెలరోజులు జారకుండా చూపించి, ఆ తర్వాత గడియ అడగొచ్చు. ఈ లెక్కంతా కొట్టు గుమ్మం దిగేలోపే ఆమె మనసులో తేలిపోయింది.

దాన్ని బిగించడానికి వచ్చిన కరెంటాయన యాభై దాటిన మనిషి, నిదానస్తుడు. వేళ్ళ కణుపులతో టైల్సు తట్టి గోడ గట్టితనం చూసుకున్నాడు. అరచేతిలో పట్టే ఒక యంత్రాన్ని గోడ మీద పాకించి లోపల పైపులెక్కడ, వైర్లెక్కడ అని వెతికాడు. తువ్వాళ్ళమ్మ స్టూలు పక్క గోడ చూపించి, ఇక్కడైతే ముచ్చటగా ఉంటుందేమో అంది. అక్కడ నీళ్ళు పడతాయి, కరెంటు వస్తువు పెట్టకూడదని అతను ఒక్క మాటలో తేల్చేశాడు. తలుపు పక్కన, ఛాతీ ఎత్తులో నాలుగు కాగితపు టేపు ముక్కలు అతికించి, వాటి మీద పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. నున్నటి టైలు మీద డ్రిల్లు జారిపోకుండా ఆ టేపు ఆపుతుందట. వెళుతూ వెళుతూ కోడలికి జాగ్రత్తలు చెప్పాడు. మర్నాడు పొద్దున గంటన్నర కరెంటు ఉండదు. సబ్బులూ బ్రష్షులూ తీసి పెట్టుకోవాలి. వైరు గోడలోంచి అవతలికి వెళుతుంది, స్విచ్చి బాత్రూము బయటే ఉంటుంది. టైల్సు పొడి ఇల్లంతా పాకుతుంది కాబట్టి పక్క గది తలుపులు మూసుకుంటే మంచిది.

మధ్యాహ్నం కోడలు కునుకు తీస్తుండగా తువ్వాళ్ళమ్మ పిల్లిలా బాత్రూములోకి వెళ్ళింది. నాలుగు టేపు ముక్కలూ ఊడదీసి, స్టూలు మీద కూర్చుని, చెయ్యి చాచితే అందే చోట అతికించింది. సాయంత్రం స్నానానికి వెళ్ళిన కొడుకు వాటిని చూశాడు. ఆవిరికి ఊడిపోతే ఆడవాళ్ళెవరో తోచినచోట అతికించారనుకుని, తన బుద్ధి కొద్దీ మళ్ళీ తలుపు పక్కన పెట్టాడు. తాడిచెట్టంత మనిషి కావడంతో తన మొహం ఎత్తులో పెట్టాడు. తెల్లవారి ఎవరూ లేవకముందే అవి మళ్ళీ స్టూలు పక్కకు దిగాయి.

కొడుకు పనికి వెళ్ళిన కాసేపటికి కరెంటాయన వచ్చి ఆ గుర్తులు చూసి నిలబడిపోయాడు. టేపు ముక్కలకు వెంట్రుకలూ దూదీ అంటుకుని, అవి నాలుగూళ్ళు తిరిగొచ్చిన బాటసారుల్లా ఉన్నాయి. పైగా ఒకటి ఎత్తులో, ఒకటి పల్లంలో. ఈ లెక్కన బిగిస్తే మీ తువ్వాళ్ళు జారుడుబల్ల ఆడుకుంటాయన్నాడు. ఎవరు కదిపారని అడిగితే కోడలు తనకేం తెలియదంది. తువ్వాళ్ళమ్మ కప్పు వైపు చూస్తూ, బల్బు దగ్గర సాలెగూడు ఎప్పుడు పట్టిందో అని దీర్ఘాలోచనలో పడింది.

అతను కోడల్ని మెయిన్ స్విచ్చి కట్టేసి, ఎవరూ ముట్టుకోకుండా అక్కడే నిలబడమని పంపాడు. ఆమె వెళ్ళాక స్టూలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. టేపు అతికించిన చోట రెండు టైల్సు మధ్య తెల్ల సిమెంటు గీత ఒక్క అరచెయ్యంత మేర నల్లబడి ఉంది. దానిమీద వేలితో రాసి చూశాడు.

"పెద్దమ్మగారూ, ఇది పట్టుకుని లేవడానికి పనికొచ్చే వస్తువు కాదండీ" అన్నాడు మెల్లగా. "తువ్వాళ్ళు మోస్తుంది, అంతే. మీరు పట్టుకుంటే మీతో పాటే ఊడి వస్తుంది. చెయ్యి కాలడం కూడా ఉంది."

"నేను పట్టుకుంటానని నీకెవరు చెప్పారు?"

"గోడ చెప్పింది."

తువ్వాళ్ళమ్మ ఇక దాచి లాభం లేదనుకుని జారిన సంగతీ, గడియ సంగతీ, కుర్చీ సంగతీ, ఆసుపత్రి కడ్డీల సంగతీ మొత్తం కక్కేసింది. అతను పెన్సిలుతో మెడ గోక్కుంటూ విన్నాడు. పట్టుకునే కడ్డీలు తన బండిలో ఎప్పుడూ ఒకటి రెండు ఉంటాయన్నాడు. ఆమె మొహం గంటు పెట్టుకుంది. అవి కూడా ఇలాగే తళతళలాడతాయనీ, కిందగా ఒకటి బిగించి చేతి తువ్వాలు కడ్డీ అంటే సరిపోతుందనీ అన్నాడు.

"నా కోసం అబద్ధమాడతావా నాయనా?"

"దానిమీద ఒక తువ్వాలు వెయ్యండి. అబద్ధమెలా అవుతుంది?"

ఆమె ఆలోచించింది. ముప్ఫై ఏళ్ళలో తువ్వాలు వేయడానికి పనికిరాని వస్తువు ఆమెకు ఒక్కటీ కనిపించలేదు. సరేనంది.

హీటరు తలుపు పక్కన ఛాతీ ఎత్తులో చక్కగా నిలబడింది. తర్వాత స్టూలు పక్కన అతని బ్యాటరీ డ్రిల్లు మోగడం మొదలైంది. ఆ చప్పుడు ఎంతకీ ఆగకపోయేసరికి మెయిన్ స్విచ్చి కాపలా వదిలేసి కోడలు వచ్చింది. వేలెడు పొడవున్న మరలు ఆరు, నేల మీద వరసగా పడి ఉన్నాయి. చేతి తువ్వాలుకు అంతంత మరలెందుకని ఆమె కరెంటాయన్ని అడిగింది. తడి తువ్వాలు బరువుంటుందండీ అని గోడ వైపే తిరిగి చెప్పాడతను.

తువ్వాళ్ళమ్మకు అంతకంటే ఏం కావాలి? తడిసిన తువ్వాలు ఎంత బరువు లాగుతుందో, ఎన్ని తువ్వాళ్ళకు ఎన్ని తాళ్ళు తెగాయో, ఆసుపత్రిలో ఒక ఇనుప స్టాండు ఎలా వంగిపోయిందో ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. ఆ స్టాండు వంగిన మాట నిజమే. దానిమీద ఒక వార్డుబాయ్ కూర్చున్న సంగతి మాత్రం చెప్పలేదు.

కోడలు అంతా విన్నది. కడ్డీ వంక చూసింది, స్టూలు వంక చూసింది, అత్తగారి వంక చూసింది. ఆమె ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, ఏ కుర్చీలోనైనా చూసుకుని కూర్చునే మనిషి. చీర కుచ్చిళ్ళు దోపుకుని స్టూలు పక్కకు జరిపింది. రెండు చేతులా ఆ కడ్డీ పట్టుకుని, మోకాళ్ళు ముడిచి, రెండు కాళ్ళూ నేల మీంచి ఎత్తేసి వేలాడింది. కరెంటాయన నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కడ్డీ కిక్కురుమనలేదు.

"పడదు" అంది కోడలు, కాళ్ళు దించి చేతులు దులుపుకుంటూ. "ఎంత తడి తువ్వాలైనా పడదు, అత్తయ్యా."

తువ్వాళ్ళమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోడలి మొహంలో మాత్రం నవ్వు ఛాయలేమీ లేవు. ఎంత సీరియస్‌గా అడగాలో అంత సీరియస్‌గా, మీ దగ్గర తలుపు గడియకు సరిపడే మరలు ఉన్నాయా అని ఆమె కరెంటాయన్ని అడిగింది.

గడియ బిగించి, కరెంటు వేసి, అతను చివరి జాగ్రత్తలు చెప్పాడు. మొదటిసారి కాస్త కాలిన వాసన వస్తుంది, కంగారు పడొద్దు. స్నానానికి అరగంట ముందు వేసుకోవాలి. మడత మీద మడత వేస్తే లోపల ఆరదు. ఈ ఆఖరి మాట తనకే చెబుతాడా అన్నట్టు తువ్వాళ్ళమ్మ అతని వంక ఒక చూపు చూసింది.

మర్నాడు పొద్దున ఆమె స్నానానికి వెళ్ళి గడియ వేసుకుంది. వంటగదిలో ఉన్న కోడలికి ఒక పాట రెండో చరణం వినిపించింది, తర్వాత మూడోది. అది అయ్యాక లోపల ఎవరినో సన్నగా తిడుతున్నట్టు కూడా అనిపించింది. ఎవరినో ఆమె ఊహించుకోగలదు కాబట్టి పొయ్యి కాస్త పెద్దది చేసి చెవులు గిన్నెల మీద పెట్టుకుంది.

ముప్పావుగంట గడిచింది. కొడుకు నోట్లో బ్రష్షుతో, భుజం మీద తువ్వాలుతో తలుపు ముందు అటూ ఇటూ తిరిగి, చివరికి తట్టాడు.

"అమ్మా, పనికి టైమవుతోంది."

"తువ్వాలు ఇంకా వేడెక్కలేదురా" అని లోపలి నుంచి జవాబొచ్చింది.

కోడలు వంటగదిలోంచి చెయ్యి మాత్రం బయటికి చాపి, ఇటొచ్చి సింకు దగ్గర మొహం కడుక్కోమని మొగుడికి సైగ చేసింది.